ఇంటిమందునకు వెల నిచ్చువారెవరు?

మా తల్లిగారికి 78వ యేడు నడుచుచున్నది. చక్కెరవ్యాధి ఆమెను పట్టి 20 సంవత్సరములు దాటినది. రక్తపుపోటు దానికి తోడుగా వచ్చినది. నాలుగేండ్ల క్రిందట ఒక తెల్లవారుజామున గుండెలో నొప్పి యని ఆమె గోడకు చేరగిలబడగా, జిల్లా కేంద్రములోని యొక యాసుపత్రికి తీసికొనిపోయితిమి. రక్తనాళము పూడిపోయినదని చెప్పి ఆనాడే స్టెంటు వేసిరి. మేము ప్రైవేటు పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పుకొని జీవించువారము. ఆ చికిత్సకు లక్షకు పైగా నగునని విన్నప్పుడు మాకు కాళ్ళు వణికినవి. కాని మా యింట ప్రభుత్వమువారి యారోగ్యకార్డు కలదు. దానిని చూపగానే ఆసుపత్రివారు వేలిముద్ర తీసికొని, మాయొద్ద నొక్క రూపాయియైన పుచ్చుకొనక చికిత్స చేసి పంపిరి. ఆ మేలును మేము మరచినవారము కాము. ఇక ముందు వ్రాయబోవునది ఆ మేలును తక్కువ చేయుటకు గాదని చదువరులు గ్రహింతురుగాక.

గుండెకు సంబంధించిన మాత్రలను ఒక సంవత్సరముపాటు ఆసుపత్రివారే యిచ్చిరి. కొన్ని చికిత్సల విషయమున అట్టి యేర్పాటు ఆ పథకములో గలదు. సంవత్సరము నిండినది; మాత్రలు నిలిచినవి; వ్యాధి మాత్రము నిలువలేదు. రక్తమును గడ్డకట్టనీయనివి రెండు, క్రొవ్వును తగ్గించునది యొకటి, పోటునకొకటి, చక్కెరకు రెండు. ఇవి గాక నరముల మంటకొకటి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున చక్కెరకును పోటునకును మాత్రలు ఉచితముగా నిత్తురు. నిల్వ యున్ననాడు మేమును తెచ్చుకొంటిమి. గుండెవైద్యుడు వ్రాసినవన్నియు నచ్చట దొరకవు. తక్కినవి అంగడిలో కొనవలసినదే. కార్డును మందుల దుకాణమువానికి చూపితిమి. అతడు మర్యాదగానే నవ్వి, "మాస్టారూ, ఇది ఆసుపత్రిలో చెల్లుతుంది గాని యిక్కడ చెల్లదండీ" అనెను. నెలకు 1,900 రూపాయలు మా పద్దుపుస్తకములో నొక శాశ్వతమైన వరుస యయ్యెను.

రెండవ సంవత్సరము కడపట నొప్పి మరల వచ్చినది. మరల అదే కార్డు, అదే వేలిముద్ర, రెండవ స్టెంటు. మరల ఒక్క రూపాయి పుచ్చుకొనలేదు. ఇంటికి వచ్చిన మూడవనాడు మా యింటియామె అత్తగారి చీరలు ఉతుకబోవుచు ఒక కొంగుముడిని విప్పగా, దానిలో పదునాలుగు సగము మాత్రలు బయటపడినవి. మా తల్లిగారిని అడిగితిమి. ఆమె కొంతసేపు మాటాడక, పిదప, "సగం వేసుకుంటే సగమైనా పనిచేస్తుంది గదా, నాయనా. నెలాఖరు దాకా రావాలిగా" అనిరి. రెండవ నొప్పికి సగము మాత్రలే కారణమని వైద్యుడు రూఢిగా చెప్పలేదు, కాదనియు చెప్పలేదు.

ఆ రాత్రి పద్దుపుస్తకము ముందు పెట్టుకొని కూర్చుంటిమి. కొంగుముడిలో నామె మిగిల్చినది నూరు రూపాయలైన కాదు. ప్రభుత్వము రెండవ స్టెంటునకిచ్చినది లక్షకు దగ్గర. లక్ష ఈయగల పథకము నూరు ఈయలేకపోవుట యెట్లు? పడకపై నున్న తల్లికి వెల నిచ్చువారు అరుగుపై నున్న తల్లికి ఏల ఈయరు? ఇది ఒక్క మన రాష్ట్రపు లోపమని మొదట తలచితిమి. చరిత్ర వెదకగా, ఇది మనకంటె ధనవంతములైన దేశములలో మనకంటె ముందు పుట్టిన లోపమనియు, దానికొక స్పష్టమైన మూలము కలదనియు తెలిసినది. దానినే యిచ్చట చెప్పదలచితిమి.

మొదట మన ప్రాచీనుల మాట. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికుండవలసిన గుణములలో జ్ఞాపకశక్తిని, చెప్పినట్లు వినుటను, ధైర్యమును, తన బాధను తెలుపగలుగుటను పేర్కొనెను. కొన్ని శతాబ్దుల పిమ్మట వాగ్భటుడు అష్టాంగహృదయమున ఈ నాలుగు పాదములనే మరల చెప్పుచు, రోగి గుణములలో ఆఢ్యత్వమును, అనగా ధనము గలిగియుండుటను, మొట్టమొదట చేర్చెను. విద్యార్థిదశలో దీనిని చదివి నవ్వుకొంటిమి. ఇప్పుడు నవ్వు రాదు. వాగ్భటుడు నిర్దయుడై యట్లు వ్రాసెనని మాకు తోపదు. తాను చూచినదానిని చూచినట్లు వ్రాసెను.

రోగి ధనవంతుడు కానక్కరలేదని శాసనముచే చెప్పిన మొదటి పెద్దరాజ్యము జర్మనీ. 1883లో బిస్మార్కు ప్రభుత్వము చేసిన శాసనము వలన కార్మికులు మూడింట రెండు వంతులును, యజమానులు ఒక వంతును చెల్లించి నిధులను నడపిరి. ఆ నిధులు వైద్యునకే గాక మందులకును, కండ్లజోళ్ళకును గూడ వెల నిచ్చినవి. చదువరులు దీనిని గుర్తుంచుకొనవలెను: మందును వైద్యమునుండి వేరుచేయవలయునను బుద్ధి మొదట లేదు. ఆ హక్కు కార్మికునికే గాని ఆతని వృద్ధమాతకు రాలేదు, అది వేరుమాట. ఇంగ్లండున 1948 జూలై 5న జాతీయ ఆరోగ్యసేవ ప్రారంభమైనపుడును మందులు ఉచితములే. కట్టుడుపండ్లకును కండ్లజోళ్ళకును రుసుము పెట్టుటకు ఒప్పక ఆ సేవకు కర్తయైన బెవన్ 1951లో మంత్రిపదవిని వదలుకొనెను, 1952లో మందుచీటికొక షిల్లింగు రుసుము వచ్చెను, 1965లో పోయెను, 1968లో మరల వచ్చెను, వృద్ధులకును మరికొందరికిని మినహాయింపుతో. ఒక షిల్లింగుపై నింత పోరాటము జరుగుట చూచి కొందరికి నవ్వు రావచ్చును. ఆ షిల్లింగు లెక్కను మా తల్లిగారు బాగుగా నెరుగుదురు.

మందు వైద్యమునుండి వేరైనది అమెరికాలో. ఎట్లు వేరైనదో వినదగినది, ఏలయన దాని మొదట నున్నవారు మావంటి బడిపంతుళ్ళే. టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరములో బేలరు విశ్వవిద్యాలయమువారి ఆసుపత్రి యొకటి కలదు. దాని వ్యవహారములు చూచుచుండిన జస్టిన్ ఫోర్డ్ కింబల్ అనునాతడు పూర్వము ఆ నగరపు పాఠశాలల కధికారి. ఆసుపత్రికి రావలసిన బాకీల పట్టికను చూడగా అందులో నుపాధ్యాయుల పేర్లు పెక్కు కనబడినవి. 1929లో ఆతడొక యేర్పాటు చేసెను: ఉపాధ్యాయులు నెలకు అర డాలరు చొప్పున చెల్లించినచో, సంవత్సరమున 21 దినములవరకు ఆసుపత్రిలో పడకయు చికిత్సయు వెల లేకయే లభించును. వేయికి పైగా నుపాధ్యాయులు చేరిరి. అదే యేట అమెరికాలో ఆర్థికసంక్షోభము ప్రారంభమయ్యెను; ఆసుపత్రులలో పడకలు ఖాళీ యయ్యెను; తక్కిన యాసుపత్రులవారును ఈ పద్ధతినే పట్టుకొనిరి. బ్లూ క్రాసు అను పేరుతో దేశమంతట వ్యాపించిన యారోగ్యబీమాకు ఇదియే బీజము.

ఇందలి కిటుకును గమనింపవలెను. ఈ బీమాను కనిపెట్టినది రోగి కాదు, వైద్యుడు కాదు, ఆసుపత్రి. అది తీర్చదలచినది ఆసుపత్రి బాకీని. కావున అది పడకకు వెల నిచ్చెను; పడక దిగి యింటికి పోయినవారితో దానికి పని లేదు. ఇంటిలో మాత్ర మ్రింగు ముసలితల్లి పక్షమున పద్దు వ్రాసి పంపువాడు లేడు. పద్దు పంపగలవానికే పైక మందును. ఆనాటి కింబల్‌ను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. అప్పటికి పెన్సిలిను వాడుకలోనికి రాలేదు. మధుమేహమునకు ఇన్సులిను తప్ప చెప్పుకొనదగిన మందు లేదు. రక్తపుపోటునకు నేటి మాత్రలలో నొక్కటియు లేదు. జీవితాంతము దినదినము మ్రింగవలసిన మందులు అప్పటికి మిక్కిలి కొలది. మందులు పెరిగినవి, రోగులు వృద్ధులై బ్రదుకుచున్నారు. బీమా మాత్రము 1929 నాటి పడకను వదలలేదు.

1965 జూలై 30న అధ్యక్షుడు జాన్సన్ వృద్ధులకొరకు మెడికేరు శాసనముపై సంతకము చేసెను. 65 ఏండ్లు నిండినవారికి ఆసుపత్రి వ్యయమును వైద్యుని రుసుమును దానివలన లభించెను. అది నాటి బీమాల నమూనాపైననే కట్టిన యిల్లు గావున, ఇంటికడ వాడు మందులకు చోటు లేకపోయెను. వాని వ్యయము ఇంతయని ముందుగా లెక్కకట్టరాదను భయమును ఒక కారణము. వైద్యశాలలో వైద్యుడు పొడిచిన సూదిమందునకు వెల వచ్చును. అదే వ్యాధికి ఇంటిలో రోగి తానే మ్రింగు మాత్రకు రాదు. మందు ఒకటే, దేహ మొకటే. పుచ్చుకొను చోటును బట్టి ధర్మము మారినది. ఈ వింత నలువది సంవత్సరములు నడచినది.

నడుమ నొకసారి దీనిని దిద్దబోయిరి. 1988 జూలై 1న రీగన్ సంతకముతో వచ్చిన శాసనము క్రమముగా మందులకును వెల నీయదలచెను. కాని దాని భారమునంతయు వృద్ధులమీదనే పెట్టెను. వారిలో సంపన్నులు ఆదాయమును బట్టి సంవత్సరమునకు 800 డాలర్లవరకు అదనముగా చెల్లింపవలసి వచ్చెను. వృద్ధులు మండిపడిరి. 1989 ఆగస్టులో చికాగోనగరమున, ఆ శాసనమునకు ముఖ్యుడైన రోస్టెన్‌కౌస్కీ అను ప్రజాప్రతినిధి కారును ముసలివారు చుట్టుముట్టి ముందునకు పోనీయకుండిరి. ఆ యేటి చివరనే శాసనము రద్దయ్యెను. మందుల సహాయము మొదలుకాకయే ముగిసెను. ఒక మేలునకు వెల యెవరిచే నిప్పింపవలెనో తెలియక చేసిన శాసనము ఆ మేలునే కోలుపోయిన దృష్టాంతము ఇంతకంటె స్పష్టమైనది మాకు తెలియదు.

తరువాతి ప్రయత్నము 2003లో. నవంబరు 22 తెల్లవారుజామున ప్రతినిధిసభలో ఓటింగును దాదాపు మూడు గంటలు తెరచియుంచి, 220కి 215గా నెగ్గించుకొనిరి. డిసెంబరు 8న రెండవ బుష్ సంతకము చేసెను. 2006 జనవరి 1న అది అమలులోనికి వచ్చెను. ప్రభుత్వము తానుగా మందులీయక, ప్రైవేటు బీమా సంస్థలచే నిప్పించెను. మందుల కంపెనీలతో ధరలను గూర్చి ప్రభుత్వము బేరమాడరాదని ఆ శాసనములోనే వ్రాసికొనిరి. కొనువాడు బేరమాడరాదను నియమమును తానే పెట్టుకొనుట మన సంతలో నెన్నడును చూడము.

దాని లెక్కను చూడుడు. 2006లో సామాన్యమైన పద్ధతి యిది: మొదటి 250 డాలర్లు రోగియే పెట్టుకొనవలెను. అచ్చటినుండి మొత్తము వ్యయము 2,250 డాలర్లగువరకు నాల్గవవంతు రోగిది. 2,250 దాటినది మొదలు 5,100 వరకు సహాయము పూర్తిగా నిలిచిపోవును. నెలసరి బీమారుసుము మాత్రము కట్టుచునే యుండవలెను. 5,100 దాటిన పిమ్మట నూటికి ఐదు. అమెరికావారు ఈ నడిమి ఖాళీకి తాము తిను డోనట్టు అను పిండివంట రంధ్రమని పేరు పెట్టిరి. మన గారెను తలచుకొన్నచో చదువరులకు చాలును. జబ్బు చిన్నదైనవాడు గారె అంచున నుండును. జబ్బు పెద్దదైనకొలది రంధ్రములో పడును. ఎక్కువ జబ్బుగలవాడు ఎక్కువ వెలకు లోబడును. ఈ రంధ్రమును క్రమముగా పూడ్చుటకు 2010లో నిర్ణయించిరి; అది 2020 నాటికి గాని ముగియలేదు.

ప్రైవేటు సంస్థలు పెక్కులగుటచే ప్రతి సంస్థకును వేర్వేరు మందుల పట్టికలు. ఒకదానిలో మొదటివరుసలోనున్న మందు మరియొకదానిలో నాల్గవవరుసలో నుండును. వరుసను బట్టి రోగి చెల్లించు వంతు మారును. కొన్ని మందులకు బీమావారి ముందటి యనుమతి కావలెను. పట్టికలు ఏటేట మారును. కావున ప్రతి సంవత్సరము, ఇప్పటి నియమము ప్రకారము అక్టోబరు 15 మొదలు డిసెంబరు 7 లోపల, తల్లి వాడు మందుల జాబితాను ముందుపెట్టుకొని ఏ సంస్థ యే మందునకెంత యిచ్చునో లెక్కచూచి ఎన్నుకొనవలెను. ఎనుబది యేండ్ల తల్లులు ఈ లెక్క చేయగలరా? వారి కుమార్తెలును కోడండ్రును చేయుదురు. మా చెల్లెలు న్యూజెర్సీలో నున్నది. తన అత్తగారి మందుల కొరకు మూడు రాత్రులు ఈ పట్టికల ముందు కూర్చుంటి నని చెప్పినది. అత్తగారు ఆ దేశమునకు వచ్చిన క్రొత్తలో ఈ పట్టికలును లేవు. శాశ్వతనివాసపు అనుమతితో వచ్చిన వృద్ధులు ఐదేండ్లు కాపురముండినగాని మెడికేరును రుసుము చెల్లించియైన పొందరాదు. ఆ ఐదేండ్లును మా చెల్లెలు ఇచ్చటికి వచ్చినప్పుడెల్ల ఆవకాయతోపాటు ఆరునెలల మాత్రలను పెట్టెలో సర్దుకొనిపోయినది. పరిచారకుడు చికిత్సకొక పాదమని చరకుడన్నాడు గాని, ఆ పాదము చాల యిండ్లలో స్త్రీదే యనియు, దానికి జీతము గాని సెలవు గాని లేదనియు ఆతడు వ్రాయలేదు.

తుదకు 2022 ఆగస్టు 16న అధ్యక్షుడు బైడెన్ సంతకముతో వచ్చిన శాసనము మెడికేరులోని వృద్ధులకు ఇన్సులిను నెలకు 35 డాలర్లకు మించరాదనియు, 2025 నుండి రోగి తన చేతినుండి సంవత్సరమునకు 2,000 డాలర్లకు మించి మందులకు పెట్టనక్కరలేదనియు నియమించెను. కొన్ని మందుల ధరలను గూర్చి బేరమాడు హక్కును ప్రభుత్వమునకు మొదటిసారిగా నిచ్చెను. 1965కును 2022కును నడుమ 57 సంవత్సరములు. టొరాంటోలో ఇన్సులినును కనుగొనినవారు 1923లో తమ హక్కును విశ్వవిద్యాలయమునకు ఒక్కొక్క డాలరునకు విక్రయించిరి. ఆ మందునకు నూరు సంవత్సరముల పిమ్మట ఆ ఖండముననే ధరకు హద్దు కట్టవలసివచ్చుట ఆలోచింపదగినది.

మన దేశపు కథ మరియొక దారిని పోయినది. ఆ రెండు దారులకు నడుమ మన తెలుగువాడొకడు నిలిచియున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సోదరుడు స్ప్రూ అను వ్యాధిచే మరణించుట చూచి వైద్యవిద్యకు పూనుకొనెనని ప్రసిద్ధి. అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున ఆతని నాయకత్వములో పనిచేసిన డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిను అను మందును కనుగొనెను. సుబ్బారావు 1948లో కాలధర్మము నొందెను. ఆరియోమైసిను వంశములోనిదే టెట్రాసైక్లిను. దాని ధర విపరీతముగా నున్నదని 1959 డిసెంబరు మొదలు అమెరికా సెనేటులో కెఫావర్ అధ్యక్షతను విచారణ జరిగెను. ఆ విచారణసంఘమువారే, భారతదేశమున కొన్ని మందుల ధరలు ప్రపంచమున మిక్కిలి హెచ్చైనవానిలో చేరునని కనుగొనిరి. బీదదేశములో హెచ్చు ధర! కారణము మనము బ్రిటిషువారినుండి పొందిన 1911 నాటి పేటెంటు శాసనము. ఒక మందును కనిపెట్టిన కంపెనీ తప్ప మరియెవ్వరును దానిని చేయరాదు. ఆ కంపెనీ ఇచ్చట చేయకపోయినను అడుగువారు లేరు.

రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదికను బట్టి చాలకాలము చర్చించి, 1970లో క్రొత్త పేటెంటు శాసనమును చేసిరి; 1972 ఏప్రిల్ 20న అది అమలయ్యెను. మందునకు పేటెంటు లేదు, మందును చేయు విధానమునకు మాత్రమే కలదు, అదియు 7 సంవత్సరములకు మించదు. విధానము మార్చి అదే మందును ఎవరైనను చేయవచ్చును. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. అను ప్రభుత్వసంస్థ సోవియట్ సహాయముతో హైదరాబాదున కర్మాగారమును పెట్టెను. అందు పనిచేసిన రసాయనజ్ఞులు కొందరు బయటికి వచ్చి తామే మందుల సంస్థలను నెలకొల్పిరి. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డిగారు వారిలో నొకరు. 1970లోనే ధరల నియంత్రణపు ఉత్తరువును వచ్చెను. 1979 నాటి ఉత్తరువు 347 మూలద్రవ్యముల ధరలను కట్టడిచేసెను; 1987లో ఆ సంఖ్య 142కు దిగెను; 1995లో 74కు దిగెను. 2013లో పద్ధతి మారి, అత్యవసర ఔషధముల పట్టికలోని వానికి మాత్రము, అంగడిలోని ధరల సగటును బట్టి గరిష్ఠధర నిర్ణయించుచున్నారు. పట్టికలో లేనివాని ధరను ఏటికి నూటికి పదివరకు పెంచుకొనవచ్చును.

మా తల్లిగారు వాడు క్లోపిడోగ్రెల్ అను మాత్ర 2012 వరకు అమెరికాలో పేటెంటు క్రింద నుండెను. మన దేశమున దానిని పెక్కు కంపెనీలు అంతకు చాల ముందే చేసి అమ్మినవి. కావున ఆ నెల 1,900 రూపాయలు 1970 నాటి శాసనము లేనిచో ఎంతయై యుండునో మేము చెప్పలేము. మేము కొనగలిగిన మొత్తమై యుండదు. 2005లో, ప్రపంచ వాణిజ్యపుటొడంబడికను బట్టి, మందులకు మరల పేటెంట్లు వచ్చినవి. 2012 మార్చిలో హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు ఒక క్యాన్సరు మందును చేయుటకు నిర్బంధపు అనుమతి లభింపగా, నెలకు 2,80,000 రూపాయలకు పైగా నుండిన మందు 8,800కు దిగెను. ఈ రెండు సంఖ్యలను మా పదవతరగతి పిల్లలకు నల్లబల్లపై వ్రాసి చూపితిమి. నిశ్శబ్దముగా చూచిరి.

అమెరికావారు ధరను ముట్టక, వెల నెవరీయవలెనని పోరాడిరి. మనము ధరను దించి, ఇచ్చువారెవరను ప్రశ్నను ఇంటియజమానికి వదలితిమి. జోసెఫ్ భోర్ అధ్యక్షతను 1946లో వచ్చిన నివేదిక, పైకము లేదను కారణముచే ఎవ్వరికిని వైద్యము దొరకకపోరాదని చెప్పెను. 1952లో కాన్పూరు, ఢిల్లీలలో ప్రారంభమైన కార్మిక రాజ్యబీమాలోను, 1954లో కేంద్ర ప్రభుత్వోద్యోగులకొరకు ఢిల్లీలో నేర్పడిన పథకములోను ఇంటిమందునకు చోటు కలదు. ఆధారపడిన తల్లిదండ్రులకు గూడ కలదు. ఉద్యోగము గలవాని తల్లికి మాత్ర వచ్చెను. తక్కిన తల్లులకు ప్రభుత్వవైద్యశాల కిటికీ మిగిలెను.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ప్రారంభమయ్యెను. అంతకుముందు గుండెజబ్బు పిల్లలను ఎత్తుకొని, ముఖ్యమంత్రి సహాయనిధికొరకు తల్లిదండ్రులు హైదరాబాదునకు పరుగెత్తుచుండిరి. ఆ పరుగును ఆపిన పథకమది. దాని గొప్పతనము చిన్నది కాదు. ప్రభుత్వములతోపాటు దాని పేరు 2014లోను, 2019లోను, 2024లోను మారినది. లోపలి లెక్క మాత్రము మారలేదు. శస్త్రచికిత్సకింత, స్టెంటునకింత యని పద్దు పంపునది ఆసుపత్రి, పైక మందుకొనునది ఆసుపత్రి. 2018లో కేంద్రమువారు పెట్టిన ఆయుష్మాన్ పథకము ఐదు లక్షలవరకు ఇచ్చును. అందును ఇంటికి వచ్చిన పిమ్మట మందుల గడువు 15 దినములు. డల్లాసు పంతుళ్ళ అర డాలరు ఏలూరువరకు వచ్చినదని మాకు తోచినది.

రెండవ స్టెంటు తరువాత మేము చేసిన పని చెప్పెదము. 2008లో అమృతసరమున మొదలైన జనఔషధి దుకాణములలో నొకటి మా పట్టణమునకును వచ్చియున్నది. చీటీ తీసికొనిపోయి, కంపెనీపేరు గాక మందుపేరు చెప్పి అడిగితిమి. ఏడింటిలో ఐదు దొరకినవి. నెలకు 1,900 అగునది 700 లోపున నయ్యెను. తీరా ఇంటికి తెచ్చిన పిమ్మట మా తల్లిగారు పెట్టెను త్రిప్పి చూచి, "ఇంత చవకమందు పనిచేస్తుందటరా? నన్ను మోసంచేసి నీవు డబ్బు దాచుకోవడం లేదు గదా" అనిరి. ధర ఎక్కువైన సగము మాత్రను నమ్మిన మనస్సునకు చవకైన పూర్తిమాత్రపై నమ్మకము కుదురుటకు రెండు నెలలు పట్టినది. వైద్యునిచే చెప్పించితిమి. మూడవ నెలలో రక్తపరీక్ష చేయించి, ఆ కాగితమును చదివి వినిపించితిమి.

ఇప్పుడు ఆదివారము ఉదయమున మా యింటియామె ఏడు అరల పెట్టెలో వారమునకు సరిపడ మాత్రలు సర్దును. కొంగుముడులను కూడ అడిగి విప్పించును, అత్తగారు నవ్వుదురు. మొన్నటి ఆదివారము ఆ గడ్డకట్టనీయని మాత్రను ఆమె అరచేతిలోనికి తీసికొని, కిటికీ వెలుతురున అటునిటు త్రిప్పి, విరుచుటకు నడుమ గీత యున్నదేమో యని చూచిరి. దానికి గీత లేదు.